శైలజ ఫోటో ఉన్న మెడికల్ షాపు

మేడ్చల్‌లో ఇంటి నుంచి కూతురు శైలజకు తల్లి బుచ్చవ్వ ఫోన్.

“శైలూ, నాకెందుకో భయమైతాంది బిడ్డా. మీ నాయిన ఇంకా లేస్తలేడు.”

“నీకు ఎప్పుడు భయం గాలేదమ్మా? మొన్న పిల్లి ఎదురొచ్చిందని నన్ను గడప దాటనియ్యలే. పండుకోనియ్యి.”

“సెమటలు పడుతున్నయే. బనీను తడిసింది. పొద్దుగాల బీపీ గోలీ ఏసిన, గంతే.”

“పాత గోలీయేనా?”

“పాతవి అయిపోయినయ్. మొన్న నీ షాపుల్నే కొత్తవి తెచ్చిన.”

“నా షాపులనా? నువ్వెందుకు పోయినవ్!”

“తెల్లకోటేసుకొని కూసుంటవు గదా, ఒక్కసారి సూద్దామని. నువ్వు లేవు. గోడకు నీ ఫోటో, నీ సర్టిఫికెట్... మస్తు సంబురమైంది. మేడం అన్నం తిననీకి పోయిందన్నడు కౌంటర్ల ఆయన. నా బిడ్డ షాపు గదా, డాక్టర్ చిట్టీ గూడ సూపియ్యలే. బీపీవి అన్న, ఇచ్చిండు.”

“అమ్మా, గోలీల పత్తా మీద పేరు సదువు. ఒక్కొక్క అక్షరం.”

“జి... ఎల్... ఐ... ఎమ్...”

“అది షుగర్ గోలీ!”

“మీ నాయినకు షుగర్ ఏడిది?”

“గందుకే, ఒంట్ల ఉన్న షుగర్ గూడ పడిపోయింది! 108కి ఫోన్ జెయ్. నోట్లె నీళ్లు పొయ్యకు. జల్దీ!”

“నువ్వే ఉరికిరా, రెండు గల్లీలే గదా—”

“నేను శామీర్‌పేటలున్నమ్మా. కంపెనీల డబ్బాలకు లేబుళ్లు అతికిస్తున్న. షాపోళ్లకు నా సర్టిఫికెట్ కావాలె, నేనొద్దు. కిరాయికిచ్చిన.”

“మరి రోజూ ఆ తెల్లకోటు నాతోటి ఎందుకు ఉతికిపిచ్చినవే?”

“అమ్మా, ఫోన్ పెట్టు! అంబులెన్స్!”

సాయంత్రం, ఆస్పత్రి వరండా.

“ఎస్సైని, పెద్దమ్మా. మీ ఆయన పోయిండు, నీ బాధ నాకెరుకే. గోలీలు తెచ్చిన షాపుకు ఫార్మసిస్ట్ ఎవరు?”

“కౌంటర్ల ఆయన ఇచ్చిండు సారూ. ఆయన్నే పట్టుకోన్రి.”

“షాపుకు తాళమేసి పోయిండు. వాన్ని ఎట్లైనా పట్టుకుంటం. ఫార్మసిస్ట్ ఎవరని అడుగుతున్న.”

“మాకు తెల్వది సారూ. శైలూ, నీళ్లు తే పో.”

“ఈమె?”

“నా బిడ్డ. దానికేం తెల్వది. తండ్రి పోయిన పిల్ల, ఏం అడగకున్రి. పోవే శైలూ, పో అంటున్న గదా!”

“ఏమ్మా, నీకు తెలుసా ఆ ఫార్మసిస్ట్?”

“శైలూ, నీ కాళ్లు మొక్కుత. ఆయన్నైతే పోగొట్టుకున్న, నిన్ను గూడనా...”

“అమ్మాయ్, నిన్నే.”

“నేనే సార్. మా నాయినకు ఆ గోలీ ఇచ్చింది నేనే.”