ఎవరు చూశారు?

ప్రోతరాపూర్ శ్మశానంలో ఇంటాయన్ని పూడ్చి వచ్చాక, చుట్టాలందరూ బస్సెక్కి వెళ్లిపోయారు. తల్లీ కూతురూ వరండాలో మిగిలారు.

"పాస్టర్ గారు ప్రార్థన చేస్తానంటే ఎందుకు వద్దన్నావమ్మా? అందరూ గుసగుసలాడుకున్నారు."

"మీ నాన్న మాటే అది. నమ్మనోడి మీద ప్రార్థన చేస్తే అబద్ధమాడినట్టేనన్నాడు."

"మరి రోజూ నీకు బైబిల్ చదివి వినిపించేవాడుగా?"

"నాకు చూపు ఆనదని చదివేవోడు. సముద్రం రెండుగా చీలిన కాడికి రాగానే ఆపి, 'ఎవరు చూశారే?' అనేవోడు. రాజునైనా గురువునైనా అలా అడిగినోళ్లు పుట్టాకే లోకానికి తెలివొచ్చిందని బళ్లో పిల్లలకి తను చెప్పే పాఠమంతా నాకు చెప్పేవోడు. నేను పోట్లాడేదాన్ని."

"ఇకనుంచి నేను చదువుతాలే."

"హిందీ బడిలో చదివినదానివి, నీకు తెలుగు అక్షరాలొచ్చా ఏటి?"

"రావు. ఫోన్‌లో పెడతా, అదే చదువుతుంది."

"ఛోడ్ దో, ఫోనొద్దు. ఆ కథలన్నీ నాకు ఎప్పట్నుంచో నోటికొచ్చు."

"నోటికొస్తే మరి నాన్న చేత ఎందుకు చదివించుకున్నావు?"

తల్లి ఆయన కూర్చునే పీటను కూతురి వైపు జరిపింది.

"రేపు నేనే చెప్తాను. నువ్వు పక్కన కూర్చో. సముద్రం కాడికి రాగానే ఆపి, ఎవరు చూశారని అడుగు."