పడవల ఆఖరి కబురు, మా జియాన్ గారు

మా తైవాన్ లెక్కలో డెబ్బై అయిదవ సంవత్సరం, అనగా లోకం లెక్కలో 1986, జూలై ఒకటవ తేదీన శ్రీమతి జియాన్ పెయ్‌యున్ గారు లాంగ్‌వెయ్ రేవు మత్స్యకారుల సంఘంలో టైపిస్టుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి వర్షం సామాన్యమైనది కాదు. కానాగంతలు మెట్లెక్కి పై అంతస్తుకు వచ్చి, హాజరుపట్టీలో ఆమెకంటే ముందే సంతకం చేశాయి. నమ్మనివారు ఆ చేపలనే విచారించవచ్చు. ఆనాడు వైర్‌లెస్ గదిలో పనిచేసి, ఈనాడు ఊరికే వచ్చి టీ తాగిపోతున్న ఈ లియావ్ ముసలివాడు మాత్రం కళ్లారా చూసిందే రాస్తున్నాడు.

కంప్యూటర్లు మా రేవుకు విచ్చేసిన కాలంలో మేమంతా వాటికో దండం పెట్టి దూరంగా తొలగిపోగా, జియాన్ గారు తైపే వెళ్లి ఆ విద్యను అభ్యసించి, డేటాబేస్ నిర్వహణను స్వహస్తాలలోకి తీసుకున్నారు. పడవలలోని పరికరాలు తామున్న చోటును ఎప్పటికప్పుడు సంఘానికి తెలియజేయసాగిన పిమ్మట, వచ్చిపడే అసంఖ్యాకమైన నమోదులలోనుంచి ప్రతి పడవకూ అన్నిటికంటే తాజా నమోదును మాత్రమే ఏరి తెరమీద నిలిపే క్వెరీని, అనగా యంత్రానికి వేసే ప్రశ్నను, రచించినవారు వారే.

“కంప్యూటర్‌కి ముందూ వెనకా తెలీదు బాబాయ్. దేన్ని బట్టి తాజా అనాలో మనమే చెప్పాలి” అనేవారు.

“అయితే నాలాంటిదేనన్నమాట!”

“ఛ, మీ అంత కోతలు కొయ్యదులెండి.”

నూరవ సంవత్సరం, జనవరి ఒకటవ తేదీ ఉదయం. త్సాయ్ తెమింగ్ నడిపే ‘షున్‌హాయ్’ పడవనుంచి నా వైర్‌లెస్‌లో “ఇంజను ఆగిపోయింది మావా!” అన్న కేక వినిపించింది, అటుపైన గరగర తప్ప మరేమీ లేదు. జియాన్ గారి తెర చూపిన దక్షిణపు చోటుకు తోటి పడవలు పరుగెత్తాయి. అక్కడ వట్టి నీళ్లు. ఇంజను లేని పడవ ఏ రాళ్ల మీదికి కొట్టుకుపోతున్నదో తెలియక అందరమూ తల్లడిల్లుతుండగా, తెమింగ్ భార్య ఆ-మన్, అంతసేపూ తెరనుంచి చూపు తిప్పకుండా నిలబడినదల్లా, హఠాత్తుగా గొంతెత్తింది.

“అక్కా, మీ పెట్టెకి ఇంకా కొత్త సంవత్సరం రాలేదా? తొంభై తొమ్మిదే చూపిస్తోందేంటి?”

జియాన్ గారు నెత్తి కొట్టుకున్నారు. “అయ్యో, నా తెలివి తెల్లారా!”

జరిగినదేమనగా, సంవత్సరాన్ని సంఖ్యగా కాక అక్షరాల మాదిరిగా నమోదు చేసే ఏర్పాటు జియాన్ గారిదే. నిఘంటువులో మాటలను పేర్చినట్లు మొదటి గుర్తునుంచి పోల్చే యంత్రం, తొమ్మిదితో మొదలయ్యే 99ని ఒకటితో మొదలయ్యే 100కంటే తర్వాతిదిగా నిర్ణయించి, నిన్నటి చోటునే తాజాదని సవినయంగా సమర్పిస్తున్నది. రెండంకెల సంవత్సరాలు నడిచినంతకాలమూ ఈ లోపం ఎవరి కంటా పడలేదు. జియాన్ గారు తేదీని పక్కకు నెట్టి, నమోదులు వచ్చి చేరిన వరుస సంఖ్యను పట్టుకున్నారు. ఏ తేదీ పెద్దదని అడగడం మాని, ఏది ఆఖరున చేరిందని అడిగారు. షున్‌హాయ్ చుక్క దక్షిణాన మాయమై ఉత్తరాన వెలిసింది.

“బాబాయ్, ఉత్తరం! కొంగరాళ్ల దగ్గర! పడవల్ని తిప్పమనండి!”

నేను వేసిన కేకకు వైర్‌లెస్ అవసరమే లేకపోయింది. జపాన్‌లో కూడా రెండు పడవలు దారి తిప్పుకున్నాయట.

రాళ్లకు కూతవేటు దూరంలో షున్‌హాయ్‌కి తాడు అందింది. ఒడ్డున కాలు పెడుతూనే తెమింగ్ నోరు విప్పాడు.

“నిన్నటి చోట వెతికితే ఎలా దొరుకుతానక్కా? నేనేమన్నా పాత క్యాలెండర్నా?”

“నోర్ముయ్!” అని ఆ-మన్ వాడి వీపు మీద ఒక్కటి చరిచి, ఆ చేత్తోనే చొక్కా పట్టుకుని భోరుమంది. “ముందు అక్కకి దండం పెట్టు!”

“దండాలొద్దు తమ్ముడూ” అన్నారు జియాన్ గారు. “తప్పు నాదే.”

పిమ్మట జరిగిన సమావేశంలో, యంత్రదోషమని రాసేస్తే సరిపోతుందని అధ్యక్షులవారు ఎంతో దయతో సెలవిచ్చారు. జియాన్ గారు లేచి నిలబడ్డారు. “యంత్రం నేనడిగిందే చెప్పింది సార్. నాకే సరిగ్గా అడగడం రాలేదు. అలాగే రాయండి.” అలాగే రాశారు. ఆ మీదట తేదీల పద్ధతినంతటినీ సంస్కరించి, విభాగాధిపతిగా పదోన్నతి పొంది, కొత్తగా చేరిన ప్రతివారికీ తొలి పాఠంగా తమ పొరపాటునే నవ్వుతూ బోధిస్తూ, నూట పదమూడవ సంవత్సరం జూన్ ముప్పయ్యవ తేదీన వారు పదవీ విరమణ చేస్తున్నారు.

నేటి సభలో వారికి పుష్పగుచ్ఛం అందించబోయే అమ్మాయి పేరు త్సాయ్ పెయ్‌లిన్. తండ్రి తెమింగ్ ఒడ్డు చేరిన ఆ ఏడాది చివరలోనే పుట్టింది. ‘పెయ్’ అన్న అక్షరం ఎవరి పేరునుంచి తెచ్చుకున్నారో మా రేవులో వేరే చెప్పనక్కరలేదు. పెద్దయ్యాక పడవ నడుపుతానని ఆ పిల్ల ఇప్పటినుంచే తండ్రితో పోట్లాడుతున్నది. కడుపులో తిప్పుతుందని ఇంతవరకూ పడవెక్కని జియాన్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండైన ఆయుష్షుతో, కుటుంబ సమేతంగా సుఖించి, ఒకనాడు ఆ పిల్ల నడిపే పడవలో కూర్చుని, మా అందరినీ ఒడ్డున నిలబెట్టి చెయ్యూపాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.