సూరయ్య బిగించిన బోల్టు

ఏటిరా గోవిందూ, కార్తన్నాదా లేదా? అదిగో, ఇసక మీద నల్లటి మరక. మీ తాత సూరయ్య బిగించిన డ్రెయిన్ బోల్టు, ఇంజను కింద ఆయిలు వదిలీ బోల్టు, కార్తన్నాది. ఇన్నేల్లకి! సెల్లు లైటు ఎయ్యి, సరిగ్గా సూడు. మీ నాయనమ్మకి నువ్వే సెప్పాల. నాను సెప్తే కుల్లుబోతు జోగయ్య అంటాది.

కుల్లేరా. కాదన్నానేటి? నాను లారీలు కడిగి, డ్రైవర్ల సేత సెంపదెబ్బలు తిని నేర్సుకున్నాను బండి. మీ తాత? నా పక్కన కూకుని బీడీ కాల్సుకుంటా నేర్సీసుకున్నాడు. సేపల సావుకారు ఈ అంబాసిడరు కొన్నప్పుడు తాలాలు నాకిచ్చాడు, తుడవమని గుడ్డ ఆడికిచ్చాడు. అలగుండేది మా లెక్క. ఏటి, బోల్టు తిరగదా? తిరగదు. పానా అంత బలంగా లాగకు, బోల్టు తల అరిగిపోతాది.

ఆయేల సావుకారి సెల్లెలి పెల్లి. పాతపట్నం ఎల్లాల. తోడిపెల్లికూతురు ఎవులనుకున్నావు? మీ నాయనమ్మ, గౌరి. నా మేనమావ కూతురు. నాకే ఇస్తారని ఊరందరూ అనుకున్నారు. నానూ అనుకున్నాను, దాయడమెందుకు? అందరూ ఎక్కి కూకున్నారు, కింద సూస్తే ఆయిలు బొటబొటా కార్తన్నాది. బోల్టు మర అరిగిపోనాది. "సావుకారూ, బండి కదలదు. సీకాకులం నుంచి కొత్త బోల్టు తేవాల" అన్నాను. నాయమే కదేటి? "ముహూర్తం నీ బోల్టు కోసం ఆగుతాదేటోలె?" అని అరిసాడాయన.

మీ తాత రేవులోకి పరుగెట్టాడు. అక్కడ నావ అతుకులకి పూయడానికి గుగ్గిలం నూనెలో కాస్తన్నారు. కొబ్బరిసిప్పలో కాసింత పట్టుకొచ్చి, బోల్టుకి వలదారం సుట్టి, గుగ్గిలం పూసి బిగించీసాడు. కొత్త ఆయిలు పోసీసాడు. "నావలోకి నీల్లు రానియ్యనిది, బండిలోంచి నూనె పోనిస్తాదేటి బావా?" అని పల్లికిలించాడు. "ఇంజను ఏడికి గుగ్గిలం కరిగిపోతాది. దారిలో ఆగిపోతే పెల్లికూతుర్ని నువ్వే మొయ్యి" అన్నాను. సావుకారు నా సేతిలో తాలాలు లాక్కుని ఆడికిచ్చీసాడు.

నాను ఎనకాల సామాన్ల లారీలో గిన్నెల మద్దిన కూకున్నాను. మలుపు తిరిగినప్పుడల్లా బండి ఆగిపోయుంటాదని మెడ సాసి సూసీవోడిని. ఆగలేదురా. పందిరి ముందు పెల్లికొడుకులా నిలబడున్నాది. గౌరి నవ్వుతా ఎదురొచ్చి, "జోగయ్య బావా, ఒక్క సుక్క కూడా కారలేదు" అన్నాది. ఎవులికీ సెప్పనట్టు నాకే సెప్పాలా? ఆ ఏడే ఆడ్ని సేసుకున్నాది.

మీ తాత బతికినన్నాల్లూ ఆయిలు మార్సినప్పుడల్లా అదే దారం, అదే గుగ్గిలం. ఆడు పోయాక, సావుకారు అమ్మేస్తంటే బండి నానే కొన్నాను. ఎందుకనుకున్నావు? ఇది కారడం నా కల్లతో సూడాలని. బోల్టు ఇప్పుదామంటే తిరగదు, పై నుంచే ఆయిలు పోసుకుంటా బండి తిప్పాను. హుదుద్ తుపాను గాలికి షెడ్డు రేకులన్నీ ఎగిరిపోనాయి, కింద మరక మాత్రం పడలేదు. ఆడు సచ్చిపోయినా ఆడి బోల్టు నన్ను ఎక్కిరిస్తన్నట్టే ఉండీది.

ఈయేల కారినాది. తుడిసి సూడు.

ఏటి? పొడిగా ఉన్నాదా? మల్లీ తుడు. మరెక్కడ్నుంచి కార్తన్నాది? పైనా? ఆయిలు ఛాంబరు అతుకులో ఏసీ ప్యాకింగు దగ్గరా? బోల్టు దగ్గర అసలేమీ లేదా?

ఆ గుడ్డ ఇటు తే.

ఆ ప్యాకింగు ఎవులేస్తే నీకేటిరా? నానే ఏసాననుకో. కొత్తది ఏసీ. బోల్టు జోలికి ఎల్లకు, ఉండనీ.

ఒరే గోవిందూ. మీ నాయనమ్మ అడిగితే మాత్రం, బోల్టే కారిందని సెప్పు.