అత్తయ్య పీకిన మొక్క

హలో… ఆ, నేనే. మీ అమ్మ ఫోనే, నా దగ్గరుంది… ఎందుకంటే ఆవిడ చేతులు రెండూ మట్టిలో ఉన్నాయి.

లేదు లేదు, పడలేదు… చెప్తాను, ముందు నువ్వు కూర్చో.

తోటకే తీసుకొచ్చాను, నువ్వు చెప్పినట్టే… బాగుంది. అన్నీ పెద్ద పెద్ద చెట్లు, వాటి నీడలో ఎక్కడెక్కడి కొండల మీదవో మొక్కలు. మందులు కొట్టరట, ఎరువంతా కుళ్లిన ఆకులే. నత్తలు మాత్రం మనకంటే దర్జాగా తిరుగుతున్నాయి… నా బూటెక్కిన దాన్ని కూడా మర్యాదగా దింపాల్సి వచ్చింది.

అత్తయ్యా?… మొదట్లో ఇంట్లో లాగే. టీచరుగా రిటైరైనప్పటి నుంచీ ఎలా ఉన్నారో అలాగే… మాటా లేదు, పలుకూ లేదు. నేనొక్కణ్ణే రేడియోలా వాగుతూ నడిచాను.

తర్వాతా… తర్వాత ఒక మొక్క పీకేశారు.

కలుపనుకున్నారు. కళ్లజోడు కారులో ఉండిపోయింది… కాదుగా! మంచుకొండల మీద పూసే నీలిపువ్వు మొక్క. తోట చూసుకునే ఆవిడ విత్తనం నుంచి పెంచి, మొదటి మొగ్గ కోసం ఎదురుచూస్తోందట.

అరవలేదు. అరిచినా బాగుండేది… మొక్కనే చూస్తూ నిలబడిపోయింది. గాలికి ఊడిందేమోనని నేను అబద్ధమాడబోయాను… తెలుసు, నా మొహం అబద్ధానికి పనికిరాదు. ఈలోగా మీ అమ్మే, "నేనే పీకాను, నేనే నాటుతాను" అని నేల మీద చతికిలబడ్డారు.

మోకాళ్లా?… నొప్పులున్నాయని గుర్తుంటే కదా.

వేరు తెగలేదట. బతకొచ్చు, బతక్కపోవచ్చు… అది నిలదొక్కుకునే దాకా వారం వారం వచ్చి చూసుకోవాలని తోటావిడ శిక్ష వేసింది… ఒప్పుకోకేం, టీచరమ్మ కదా. పైగా పక్క మడికి నీడ చాలట్లేదని ఆవిడతోనే వాదన పెట్టుకున్నారు. ఇప్పటికీ తెగలేదు.

నిజమే, మాట్లాడుతున్నారు. గుక్క తిప్పుకోకుండా… ఏయ్, ఏడుస్తున్నావా?

సరే, ఇంకోటి విను. నేను చేతులు కట్టుకుని చూస్తున్నానా… "ఒరేయ్, దిష్టిబొమ్మలా నిలబడ్డావేం, నీళ్లు పట్రా" అన్నారు.

అవును, నన్నే… పెళ్లైనప్పటి నుంచీ "బాబుగారూ" తప్ప ఇంకో పిలుపు ఎరగను.

నవ్వకు… లేదు, కోపమెందుకు. బాగుంది. చాలా బాగుంది.

ఆగు, మళ్లీ పిలుస్తున్నారు — వస్తున్నా అత్తయ్యా, బకెట్ నిండుతోంది — ఉంటానే, పెట్టేస్తున్నా.