గోడ మీద బోడి యక్షుడు

అది కాదురా బున్‌మా, గోడలు పాడుచేసేవాళ్ళని పోలీసులకి పట్టిస్తారు గానీ, క్లాసులోకి పిలిచి కుర్చీ వేస్తారా? నువ్వే చెప్పు! ముందు ఆ తలుపు మూసెయ్. ఎవరైనా వస్తే షాపు లేదని చెప్పు. టోపీ మాత్రం తియ్యను. ఆ సంగతికీ వస్తాను, ఆగు.

మా బడి డైరెక్టరమ్మకి పుట్టిన బుద్ధి ఇది. "తవిన్ మాస్టారూ, వీధి గోడల మీద బొమ్మలేసే ఆర్టిస్టు వస్తోందండీ. వారం రోజులు మన పిల్లలకి పాఠం చెప్తుంది" అంది. సరే, రానీ అన్నా. వచ్చింది. ముద్దుపేరు కోప్ అట. అంటే కప్ప! కప్పేంట్రా, అమ్మానాన్నలకి ఇంకో పేరే దొరకలేదా?

పేరు సరే, ఆ తల చూడాలి నువ్వు! ఒక పక్క నున్నగా గొరిగించుకుంది. రెండో పక్క భుజం దాకా ఆకుపచ్చ జుట్టు. నా సంగతి నీకు తెలియందా? ఇరవై రెండేళ్ళుగా పొద్దున్నే బడి గేటు దగ్గర కత్తెర పట్టుకుని నిలబడ్డ మనిషిని. మగపిల్లాడి జుట్టు చెవిని తాకిందా, కసుక్! ఆడపిల్ల జుట్టు చెవి దిగిందా, కసుక్! అదీ పూర్తిగా కత్తిరించను. మధ్యలో ఓ బాట వేసి వదిలేస్తా. మిగతాది సరిచేయించుకోడానికి ఏడుస్తూ నీ దగ్గరకే పరిగెత్తుకొస్తారు. నీ షాపు నడిచిందే నా కత్తెర మీద. కాదంటావా?

ఆ కప్పని చూడగానే నా చెయ్యి దానంతటదే కత్తెర జేబులోకి పోయిందంటే నమ్ము. డైరెక్టరమ్మ మోచెయ్యి పట్టుకుని ఆపింది. "అతిథి, మాస్టారూ!" అంది. అతిథిట!

మొదటి రెండు రోజులూ క్లాసులో ఏవో గీతలు గీయించింది. మూడోరోజు పిల్లల్ని క్యాంటీన్ గోడ దగ్గరకి తోలుకెళ్ళి, "మన బడిలో మీకు బాగా గుర్తుండిపోయేది ఏంటో వెయ్యండి" అందిట. పువ్వులెయ్యొచ్చు. ఏనుగునెయ్యొచ్చు. జెండా ఉంది, జెండా వెయ్యొచ్చు కదరా!

నిన్న పొద్దున ఎనిమిదింటికి జెండా పాట అయ్యాక అటు తిరిగానా, యక్షుడు! గుడి గుమ్మం దగ్గర కోరలూ మిడిగుడ్లూ వేసుకుని కాపలా ఉంటాడే, ఆ యక్షుడు. చేతిలో గదకి బదులు కత్తెర. మెళ్ళో ఈల. నా కళ్ళజోడు. ముక్కు పక్కన నా పుట్టుమచ్చ.

పోనీ, అంతవరకూ ఓర్చుకున్నాను. కాపలా కాసేవాడికి కోరలుంటే గౌరవమే. కానీ తల? బోడి! అలాంటిలాంటి బోడి కాదు. పైన తెల్లరంగు చుక్క పెట్టి తళతళా మెరిపించారు కూడా!

నా గుండె జారిపోయిందిరా. నా బోడితల సంగతి తెలిసింది ప్రపంచంలో నీకొక్కడికే. విగ్గు కుట్టింది నువ్వే. మా ఆవిడకి కూడా తెలీదు. సరే, తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకుంటుంది, మహాతల్లి. అందుకే నిన్నే అనుమానించాను. నీ నోట్లో నువ్వుగింజ నానదని తిట్టుకున్నాను కూడా. తప్పే. అందుకు ఇవాళ్టి నీ కాఫీ డబ్బులు నేనిస్తాలే.

నా భయమేంటో నీకు చెప్పడానికి సిగ్గేంటి? జుట్టు లేనివాడు జుట్టుకి రూలు పెడితే ఎవడు వింటాడ్రా? ఏడాదిలో రిటైరవుతున్నాను. అప్పటిదాకా నా పరువు నిలబెట్టేది ఈ విగ్గొక్కటే.

అందుకే బడి మొత్తం చూస్తుండగా అరిచాను. "ఈ గోడకి ఇప్పుడే సున్నం కొట్టించండి! అది నేనే!" అన్నాను.

డైరెక్టరమ్మ నిమ్మళంగా అంది కదా: "మీరెలా అవుతారు మాస్టారూ? మీకు నల్లటి ఒత్తు జుట్టు. దానికేమో గుండు. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడితే ఎలాగండీ? అది మీరేనని తేలితే ఈ క్షణమే కొట్టించేస్తాను."

తేలితేనా? చూడు మరి! అని...

పీకేశాను. అవునురా! నా చేత్తో నేనే! జెండా స్తంభం కింద, ఎండలో, బోడిగుండుతో నిలబడి, "ఇప్పుడు తేలిందా?" అన్నాను.

ఎవడూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆ కప్ప నిచ్చెన మీంచి మెల్లగా దిగొచ్చింది.

"మాస్టారూ, బొమ్మ ఇంకా సగమే అయ్యిందండీ" అంది. "జుట్టు ఇవాళ వేద్దామని ఆపాం. మీరు ఎవరెవరి జుట్టు కత్తిరించారో వాళ్ళంతా వచ్చి, ఒక్కొక్కళ్ళూ ఒక్కో పాయ వేస్తారు. ఇవాళ్టి పాఠం అదే."

అయిపోయింది! ఎవడికీ ఏమీ తెలీదురా! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం విన్నాం గానీ, భుజాలతో పాటు నెత్తి కూడా విప్పి చూపించినవాణ్ణి నన్నొక్కణ్ణే చూశారు జనం.

ఇక మొదలైంది వరస. ఎనిమిదో క్లాసు, పదో క్లాసు, అందరూ. కబురు బయటికి పోయింది. పాత పిల్లలొచ్చారు. మోటార్‌సైకిల్ టాక్సీ నడిపేవాడొచ్చాడు. నూడిల్స్ బండి ఆవిడొచ్చింది. యూనిఫామ్‌లో పోలీసొకడొచ్చి నాకు దణ్ణం పెట్టి మరీ ఓ పాయ వేసిపోయాడు. జుట్టు క్యాంటీన్ గోడ దాటింది. నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగింది. మరుగుదొడ్ల దాకా పోయింది. నల్లరంగు డబ్బాలు అయిపోతే నీలం వేశారు. నీలం అయిపోతే ఆకుపచ్చ.

విగ్గు జేబులో కుక్కి, టోపీ పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను. సిగ్గేసిందిరా బున్‌మా. గుండుకి కాదు. ఇంతమందివి కత్తిరించానా అని.

అంతటితో పోతే నీ దగ్గరకి రాకపోదును. చివర్న పన్నెండో క్లాసు పిల్ల ఒకత్తి తన పాయ వేసి, నా దగ్గరకొచ్చి చెవిలో అంది: "మాస్టారూ, మీ జేబులోంచి నా జుట్టు బయటికొస్తోందండీ."

విగ్గు! పూసిన నల్లరంగు చెమటకి కరిగిపోయి, రాగిరంగు పాయ ముందుకి వేలాడుతోంది. "బ్యాంకాక్‌లో కొన్నదమ్మా" అన్నాను. నవ్వి వెళ్ళిపోయింది. ఎవరనుకున్నావు? నామ్‌ఫోన్. నీ మనవరాలు.

మొహం అలా పెట్టకు, విను. విగ్గు కుట్టమని ఆ రోజు నీకిచ్చిన జుట్టు సంచీ ఉందే, మా మరదలు సన్యాసినుల్లో చేరుతూ గుండు చేయించుకుంది, ఆవిడ జుట్టని చెప్పాను కదా? అబద్ధం. మా మరదలు ఇప్పటికీ జడేసుకుంటుంది. ఆ జుట్టంతా బడి గేటు దగ్గర ఊడ్చింది. రోజూ నేనే ఊడ్చి దాచాను. సెలవుల్లో రంగేసుకుని ఏడో క్లాసుకొచ్చిందని నీ మనవరాలి పాయ కూడా నేనే కసుక్కుమనిపించాను. అదీ అందులోనే ఉంది. ఐదేళ్ళుగా పిల్లల జుట్టు నెత్తిన పెట్టుకుని పిల్లల జుట్టు కత్తిరిస్తున్నాను. ఇదీ నా బతుకు. తిట్టు.

ఏంటీ?

కుట్టేటప్పుడే తెలుసా?

నాటకాలవాళ్ళకి ఇన్ని విగ్గులు కుట్టినవాడివి, ఆ రాగిపాయని తెచ్చి తెచ్చి సరిగ్గా నుదుటి మీద పెట్టావేంట్రా అని అడిగితే, "గాలికి అందంగా ఊగుతుంది" అన్నావు! ప్రతి ఆదివారం దానికి నల్లరంగు పూసుకుంటూ చచ్చాను కదరా, ఐదేళ్ళు!

సరేలే. ఇదిగో విగ్గు. ఆ పిల్లదేదో దానికిచ్చెయ్. ఇదిగో టోపీ కూడా తీశాను. వెనకాల మిగిలిన ఆ నాలుగు వెంట్రుకలూ గొరిగెయ్, పీడా పోతుంది. ఆఁ, అలా. మిషను మెల్లగా పోనీ.

ఏరా, ఆపేశావేం? మధ్యలో బాట ఒక్కటే వేశావు, మిగతాది? టవలు మడిచేస్తున్నావేంటి? ఒరేయ్ బున్‌మా! కాఫీకా? ఇప్పుడా?

పో. పోరా. నేనైనా అంతే చేసేవాణ్ణి.