సత్రం ఆయమ్మ మాట

రాండి, ఇట్ల నీడలోకి రాండి. క్రిస్టినా, ఆ పీట నీకు. అరుణూ, నువ్వు గట్టు మీదే కూసో, ప్యాంటుకు దుమ్ము అంటితే అంటనీలే. ఏమంటివి పాపా? మళ్ళా చెప్పు, మెల్లగా చెప్పు, నీ నాగపూరు తెలుగు నాకు ఒకసారికి ఎక్కదు. ఇప్పటోళ్ళు రాసే పుస్తకాలు బైబిలుకు ఎదురు నిలబడతాయా అనా? మీ బళ్ళో పిల్లోడు ఎవడో నిలబడతాయి అన్నాడా? ఓహో, అందుకా మీ యమ్మ వచ్చినప్పటి నుంచి మొగం అట్ల పెట్టుకోనుండేది. ఏమ్మా ఆరాధనా, బిడ్డ అడిగితే ఏం పోయింది? అంత దిగులెందుకు? దూరాన పెంచుతాండా, ఏం చదివి ఏమైతారో, నేను సరిగా చెప్తాండానో లేదో అంటావు. నువ్వు ఆ బియ్యంలో రాళ్ళు ఏరుకో. ఏరిన బియ్యమే మళ్ళా ఏరుతాండావు, అదన్నా చూసుకో.

ఇదో చూడు పాపా, నేను పాస్టరును కాదు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకు బస్తాలు ఎత్తించి రిటైరైనోన్ని. నువ్వు అడిగేదానికి నాకు తెలిసిన జవాబు ఒక్కటే ఉండాది, అది దాసన్న కత. మీకెవరూ చెప్పలేదు కదా? చెప్పరు. మీ యమ్మ అసలే చెప్పదు. ఆ కతలో కడుపులో ఉండేది ఆమెనే, సిగ్గు.

దాసన్న మన మిషన్ బళ్ళో అయ్యవారు. సన్నగా, చొక్కాను కొక్కేనికి తగిలించినట్టు ఉండేవాడు. మీసం మాత్రం ఇంత. ఆయప్పకు ఒకటే పిచ్చి, రాసేది. పెండ్లికి పాట, సావుకు పాట, కొత్త బస్సు ఊర్లోకొస్తే దానికీ పాట. రాసి ఊరుకుంటే బాగుండు. రాసిన ప్రతిదాని కింద పేరు పెట్టాల. బావి కాడ ‘ఇక్కడ బట్టలు ఉతకరాదు’ అని రాయమని పంచాయతోళ్ళు చెప్తే, రాసి, దాని కింద ‘రచన: దాసన్న’ అని పెట్టినాడు. నిజం పాపా, నవ్వద్దు, ఆ గోడ నేను చూసినా. మా నాయన ఏసేపు, అంటే మీ యమ్మకు తాత, సంఘపెద్ద. ఆయన గొంతు చర్చిలో ఎత్తితే మైకు అక్కరలేదు. ఆయన అనేవాడు, “ఏమప్పా దాసన్నా, బైబిలు రాసినోళ్ళు అంతమంది ఉండారే, నీ మాదిరి పేరు కోసం ఒకడన్నా ఏడ్సినాడా?” దానికి దాసన్న, “ఏసేపన్నా, వాళ్ళు రాసిన పొద్దు అదీ కొత్త రాతే. సిరా ఆరిందా లేదా అని వేలు పెట్టి చూసుకునే ఉంటారు. నాదీ పాతబడనీ, అప్పుడు చూస్తువు.” మా నాయనకు ఒళ్ళు మండేది. “దేవుని వాక్యం పక్కన నీ రాత పెడతావా, నోరు కడుక్కోపో!” మళ్ళా సాయంత్రానికి ఇద్దరూ ఒకే అరుగు మీద కూసోని బీడీలు. అట్ల ఉండేది వాళ్ళ జత.

ఏటేటా క్రిస్మస్ సాయంత్రం చర్చి ముందర నాటకం. రాసేది దాసన్నే, ఇంకెవరు. రెండు జంపఖానాలు కడితే తెర, రెండు పెట్రోమాక్స్ లైట్లు. గాడిద మాత్రం నిజం గాడిద. ఊరి చాకలాయప్పను అడిగి తెచ్చేవాళ్ళు. ఒక ఏడు అది మరియమ్మ ఎక్కి కూసున్నాక బేత్లెహేముకు పోకుండా నేరుగా ఆ చాకలాయప్ప ఇంటికి పోయింది, ఏసుక్రీస్తు ఆ ఏడు పుట్టేది ఆలస్యమయింది. యాడున్నా నేను? ఆ, నాటకం. మా నాయనది సత్రం యజమాని వేషం. ఆయన గొంతుకు అదే సరి. మరియమ్మ, యోసేపు వచ్చి తలుపు కొడితే, “చోటు లేదు, పొండి!” అని అరవాల. ముందు వరసలో పిల్లోళ్ళు జడుసుకునేవాళ్ళు. అప్పుడు లోపల్నుంచి సత్రం ఆయమ్మ వస్తాది. ఆయమ్మ ఎవరనుకున్నారు? దాసన్నే. మా యమ్మ వరమ్మ ఆకుపచ్చ చీర కట్టుకోని, మీసం తీసేకి మనసొప్పక కొంగు నోటికి అడ్డం పెట్టుకోని వచ్చేవాడు. వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకోని, “నిలబెట్టి చోటు వెతుకుతావేందయ్యా? ముందు ఆ పాపను కూసోబెట్టు. చోటు సంగతి తర్వాత చూస్తాం” అనేవాడు. అంతే. చప్పట్లు! ఊరంతా ఆ మాట కోసమే కాసుకోనుండేది. సత్రమాయన తల గోక్కోని, పశువుల కొట్టం చూపిచ్చేవాడు.

ఏండ్లు గడిచినాయి. ఏమైందంటే, ఆ మాట నాటకం దాటి ఊర్లో పడింది. ఎవరింటికన్నా చుట్టం వస్తే, “ముందు కూసోబెట్టు, వాక్యంలో ఉండాది కదా” అనేవాళ్ళు. నిజంగా బైబిలులో ఉండాదనే అనుకున్యారు. చదివొచ్చినోళ్ళు కూడా అనుకున్యారు, ఎవరూ తీసి చూడలా. దాసన్నకు తెలుసు. తెలిసీ చెప్పలా. పేరు పిచ్చి ఉండే మనిషి, ఆ ఒక్కదానికీ పేరు పెట్టకుండా లోలోపల మురిసిపోతాండాడు, నా రాత పోయి సువార్తలో కలిసిపోయిందే అని.

అప్పుడొచ్చినాడు కర్నూలు నుంచి కొత్త పాస్టరు. చిన్న వయసు. మంచోడు పాపం, మీ యమ్మ మాదిరే, ఏది చెప్తే ఏం తప్పైతాదో అని ఒకటే భయం. ప్రార్థనలో ఒక ముసలామె ఈ మాట ఎత్తి సాక్ష్యం చెప్తే, “ఏ అధ్యాయం అమ్మా అది?” అని అడిగినాడు. “ఏమో అయ్యా, సత్రం కాడ” అనింది ఆమె. ఆయప్ప ఇంటికిపోయి పుస్తకమంతా తిరగేసినాడు. ఆదివారం నిలబడి చెప్పినాడు: “పెద్దలారా, సత్రం ఆయమ్మ అనే మనిషే బైబిలులో లేదు. మనిషి రాసిన కొత్త మాట దేవుని మాటగా నడుస్తాంది ఈ ఊర్లో. అది తప్పు. ఈ ఏడు నాటకంలో పుస్తకంలో ఉండేది తప్ప ఒక్క మాట ఎక్కువ ఉండకూడదు.” దాసన్న మొగం చూడాలంట ఆ పొద్దు! సగం ఏడుపు, సగం గర్వం. మా నాయనకు నవ్వు ఆగలా, అయితే పాస్టరు, “సత్రం యజమాని కూడా లేడు” అనేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. తన వేషం పోతాది కదా! లేచి, “అదెట్లయ్యా? చోటు లేదని రాసుండాది. మరి లేదని చెప్పేకి ఒక మనిషి ఉండాల కదా?” అని వాదించినాడు. పాస్టరు, సరే, ఆయన ఉండొచ్చు, ఆయమ్మ వద్దు అన్నాడు. అట్ల ఆ ఏడు నాటకంలో ‘చోటు లేదు, పొండి’ మిగిలింది, కూసోబెట్టేది పోయింది.

ఇంగ మీ అవ్వ సంగతి చెప్పాల. మా యక్క సువార్తమ్మ. ఆమె అంతకు ముందే లారీ డ్రైవరు తిమ్మయ్యను చేసుకోని ఎర్రగుంట్లకు పోయిండె. మీ తాతే, అవును. ఆయప్ప మనోళ్ళు కాదు, చర్చిలో పెండ్లి కాలా, మా నాయనకు చెప్పలా. మా నాయన ఆమె ఫోటో గోడ మీద నుంచి తీసి గూట్లో బోర్లా పెట్టినాడు. “నాకు హెన్రీ ఒక్కడే బిడ్డ. ఆమె ఈ గడప తొక్కకూడదు” అన్నాడు. హెన్రీ అంటే నేనే. సంఘపెద్ద ఇంట్లోనే ఇట్లయితే ఊరికి ఏం చెప్పేది అని ఆయన బాధ. మా యమ్మ మారు మాట్లాడలా. ఆమె ఎప్పుడూ మాట్లాడలా ఆయన ముందర.

అయితే మొదటి కాన్పు పుట్టింట్లో జరగాల కదా. అది మనకైనా, రెడ్లకైనా, ఎవరికైనా ఒకటే. తిమ్మయ్య లారీ ఎక్కితే వారం రాడు, ఆడ చూసుకునే ఆడమనిషి లేదు. నెలలు నిండినాయి. మా యక్క, ఏమైతే అది కానీ అని లారీలో వచ్చి రోడ్డు కాడ దిగింది. తిమ్మయ్య లారీ కాడే నిలబడిపోయినాడు, తువ్వాలు నోట్లో పెట్టుకోని. మా నాయన అంటే ఆయప్పకు అంత జడుపు.

ఆ పొద్దు మన వాకిట్లోనే నాటకం నేర్చుకుంటాండారు. నేను లేను, కర్నూలు కాలేజీలో ఉండా. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కొక్క రకంగా చెప్పినారు, సువార్తలు నలుగురు చెప్పినట్టు. అన్నీ కలిపి నేను చెప్తాండా. పాస్టరు పుస్తకం పట్టుకోని నులక మంచం మీద కూసోనుండాడు, ఒక్క మాట ఎక్కువ పడకుండా చూసుకునేకి. పనీ పాటా లేక దాసన్న గోడకు ఆనుకోనుండాడు. మా యమ్మ వంటింట్లో పండక్కి బియ్యప్పిండి నిప్పట్లు తట్టుతాండాది. మా నాయన, “చోటు లేదు, పొండి!” అని అరిచినాడు. అరిచి ఇట్ల తిరిగితే, వాకిలి కాడ మా యక్క. నిండు కడుపు, చేతిలో గుడ్డల సంచి.

మా నాయన చూసినాడు. చూసి, ఈసారి అరవలా, మెల్లగా, “చోటు లేదు. పో” అన్నాడు.

నాటకం నేర్చుకునేకి వచ్చిన పిల్లోళ్ళు, అలవాటు కదా, అందరూ దాసన్న వైపు తిరిగినారు. ఇప్పుడు ఆయమ్మ మాట రావాల. దాసన్న నోరు తెరవబోయి, పాస్టరును చూసి మూసుకున్యాడు. ఆ మాట కొట్టేసినారు కదా. అప్పుడు వంటింటి తలుపు కాడి నుంచి వచ్చింది మాట. మా యమ్మ. చేతుల నిండా పిండి. “నిలబెట్టి చోటు వెతుకుతావేందయ్యా? ముందు ఆ పాపను కూసోబెట్టు. చోటు సంగతి తర్వాత చూస్తాం.”

మా నాయన ఉలిక్కిపడినాడు. తర్వాత రేగినాడు. “అది వాక్యం కాదు! ఆదివారం పాస్టరయ్య చెప్పలా? వాక్యమైతే నేను తల వంచుతా. ఎవడో రాసిన నాటకం మాటకు వంచను. ఏమప్పా దాసన్నా, దేవుని ముందర చెప్పు. వాక్యమా, నీ రాతా?”

ఇప్పుడు చూడండి దాసన్న అవస్త. వాక్యమే అని ఒక్క మాటంటే మా యక్క లోపలికొస్తాది, మా నాయన తీసి చూసే రకం కాదు. కానీ అది అబద్ధం, పుస్తకం మీద అబద్ధం, పాస్టరు ఎదురుగా ఉండాడు. నాది అంటే బతుకంతా కోరుకున్న పేరు వస్తాది, ఊరంతా విన్నట్టైతాది, మా యక్క మళ్ళా రోడ్డు కాడికి పోతాది. బావి గోడకు కూడా పేరు పెట్టిన మనిషికి ఆ పొద్దు తన పేరు చెప్పేకి నోరు రాలేదంట.

“నాదే అన్నా,” అన్నాడు కడాకు. “ఆయమ్మ మాట నేను రాసిందే. బైబిలులో లేదు.” మా నాయన చూసినావా అన్నట్టు తల ఎగరేసినాడు. దాసన్న ఇంకా నిలపలా. “మరి నీ మాట మాత్రం ఎవరిదన్నా? చోటు లేదని పుస్తకంలో ఉండాది, సరే. నిండు మనిషి మొగాన ‘పొండి’ అని ఒకరు అన్నట్టు యాడుండాది? అదీ నేను రాసిందే. నేను రాసి నీ నోట్లో పెట్టినా, ఇన్నేండ్లూ నువ్వు అరుస్తాండావు. నాటకం మాట వద్దంటే వద్దు, రెండూ కొట్టేద్దాం. పాస్టరయ్యా, నేను చెప్పింది తప్పా?”

పాస్టరు పుస్తకం తెరిచినాడు. ఆ భాగం తనకు కంఠతా వచ్చు, అయినా వేలు పెట్టి చూసినాడు. మూసి, “తప్పు కాదు. పొమ్మన్న మనిషి ఇందులో లేడు. నేనే సరిగా చూసుకోకుండా ఒప్పుకున్నా. అది కూడా కొట్టెయ్యాల్సిందే” అన్నాడు.

అంత గొంతు ఉండే మనిషి, తెర ముందర మాట మరిచిపోయినోడి మాదిరి నిలబడుకున్యాడు. మా యక్క నడుము పట్టుకోని, “నాయనా, నిలబడలేకపోతాండా” అనింది. మా నాయన ఎవరి మొగమూ చూడలా. పాస్టరు కూసున్న నులక మంచం చూసినాడు. “ఆ మంచం ఎండలో వేసింది ఎవరు? నీడలోకి జరపండి” అన్నాడు. వేసింది మా నాయనే. పాస్టరు గబుక్కున లేచినాడు, దాసన్న ఒక పక్క, పాస్టరు ఒక పక్క పట్టుకోని జరిపినారు. మా యమ్మ కూసోబెట్టింది.

ఆరాధన క్రిస్మస్ అయిన రెండు దినాలకు పుట్టింది. నాటకం తప్పిపోయిందని ఇప్పటికీ ఆమె బాధ. ఆ ఏడు ఆయమ్మ వేషం ఉండిందా అనా? ఉండింది. పాస్టరు ఒక షరతు పెట్టినాడు, తెర తీసేముందు అందరికీ చెప్పాల, సత్రంలోని మాటలు బైబిలులోవి కావు, దాసన్న రాసినాడు అని. అట్ల ఏటేటా చర్చి ముందర, మైకులో, ఆయప్ప పేరు! కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆ నవ్వు దాగేది కాదంట. గాడిదను పట్టుకునే పని తిమ్మయ్యకు ఇచ్చినారు, అల్లుడు కదా మరి.

ముసలైనాక ఒకసారి నేను అడిగినా ఆయప్పను. “దాసన్నా, కడాకు నీ రాత గెలిచిందా, బైబిలు గెలిచిందా?” అని. బీడీ ఆర్పి, “మీ యక్క కూసుందా లేదా?” అన్నాడు. అంతే చెప్పినాడు. మీ బళ్ళో పిల్లోనికి నువ్వు ఏం చెప్పుకుంటావో చెప్పుకో పాపా, నాకింతే తెలుసు. పోయినాక ఆయప్ప సమాధి మీద మంచి వాక్యం చెక్కించినాము, దాని కింద దాసన్న అని పేరు. ఇప్పుడు చూసినోళ్ళకు ఆ వాక్యం ఆయప్పే రాసినట్టుండాది. పైన ఉండి ఎంత మురిసిపోతాండాడో.

మీరు ఈ కత మరిచిపోవద్దు. నాగపూరులో మీ స్నేహితులకు చెప్పండి, రేపు మీ బిడ్డలకు చెప్పండి, హిందీలో చెప్తారో ఇంగ్లీషులో చెప్తారో మీ ఇష్టం. అయితే మొదలుపెట్టేముందే చెప్పాల, ఇది బైబిలులోది కాదు, దాసన్న రాసింది అని. పాస్టరయ్యకు మాటిచ్చినాము. ఆరాధనా, ఏమ్మా, బియ్యంలో నీ కండ్లనీళ్ళు పడతాండాయి, చూసుకో. అరుణూ, గేటు కాడ ఎవరో ఆడమనిషి నిలబడుకోనుండాది, ఎవరో ఏమో అడుగు... ఏయ్ క్రిస్టినా, పీట ఎత్తుకోని యాడికి పోతాండావు?