సారవ బొక్కలు

బొక్కలు, బొక్కలు అని పొద్దున్నుంచి ఒకటే పాట పాడుతాండారే, ఓవర్సీరు సారూ! ఆ పాటే వేదికెక్కి పాడింటే మీ మున్సిపాలిటీ చైర్మన్ గారికైనా ఇనపడింటాది.

కూచోండి సార్, ఆ గోనెపట్ట మింద. గట్టిగానే ఉండాది లే.

ఈ పార్కులో వేదిక కట్టింది ఈ మౌలాలి, ప్లాను గీసింది మీరు. ఎనక గోడ వంపు తిప్పితే మైకు గూడా అక్కర్లేదు, పాట నేరుగా కుర్చీల్లోకి పోతాదని చెప్పింది మీరే. ఇప్పుడేమో ముందు వరస పెద్దమనుషులకు ఏమీ ఇనపడదు, ఎనక సందులో కోళ్లు గూడా ఇంటాండాయి. తప్పు నాదంటారు.

నాదే సార్. గోడ కట్టేటప్పుడు మేం ఎక్కి నిలబడే సారవ కట్టెలు దూర్చేకి బొక్కలు ఇడుస్తాం. పనైనాక సారవ ఇప్పి పూడ్చల్ల. ఎనక గోడకు తొమ్మిది పూడ్చలేదు. మరిచిపోయినా అని మొన్న చెప్తే మీరూ రాసుకుంటిరి. ఇరవై ఏండ్ల మేస్త్రి తొమ్మిదీ మరిచిపోతాడా?

గులాబ్‌బీ గుర్తుండాదా మీకు? నా పెండ్లాం. మీ వేదికకు ఇటుకలు మోసింది ఆయమ్మే. పై వరసలో సారవ కట్టె జారి, తట్టతో సహా కింద పడె. ఇటుకలు ఎన్ని పగిలినాయో చూడండని అంటిరి, ఇంకా నా చెవుల్లో ఉండాది. పరిహారానికి అర్జీ ఇస్తే కర్నూలుకు పంపిస్తిమంటిరి. అది ఆడికి చేరేలోపల రాజధాని హైదరాబాదుకు పాయె. ఆయమ్మి నడుము మాత్రం యాడికీ పోలేదు సార్. ఈ గోడెనకాలే, సందులో మొదటి ఇంట్లో, మంచం మింద ఉండాది.

"నేను పడింది దీనికే గదా, ఈడ ఏం పాడతారో నాకూ ఇనపడల్ల" అనింది. ఎత్తుకొస్తే గేటుకాడ పాసు అడుగుతారు. అందుకే బొక్కలు ఇడిచిపెట్టినా.

ఏం ఇనింది అంటారా? మొదటి రోజు చైర్మన్ గారి ఉపన్యాసం, గంటన్నర. ఆపైన ఐదేండ్ల ప్లాను. ఆపైన పొదుపు ఉద్యమం. కట్టింది పాట కచేరీలకు, ఇంతవరకు ఐదు సార్లు సభ పెడితే ఐదు సార్లూ ఉపన్యాసాలే! ప్లానులో ఎన్ని డ్యాములుండాయో పక్కింటి ఖమర్‌బీకి అప్పజెప్తాది ఇప్పుడు. "దీనికేనా నేను నడుము ఇరగ్గొట్టుకునింది?" అనింది. ఇద్దరం నవ్వినాం. నాకు తర్వాత ఏడుపొచ్చె.

ఈ సాయంత్రం ఫిడేలు కచేరి. ఈడ ఇదే మొదటి పాట. ఆయమ్మి పొద్దున్నే తల దువ్వించుకొని, మంచం గోడపక్కకు జరిపించుకునింది. మీరేమో పొద్దుగుంకే లోపల పూడ్చాలని ఆర్డరు పట్టుకొస్తిరి.

పూడ్చనని నేనెప్పుడంటి సార్? సిమెంటుతోనే పూడ్చల్లని రాసినారు గదా. ఉన్నది ఒక్క మూట. లేసి చూడండి, మీరు కూచున్నది దాని మిందే.

మీరు వస్తాండారని నిన్ననే తెలిసె. రెండు కడవల నీళ్లు పోసినా. రాయైపోయింది. కొత్త మూటకు కడప నుంచి పర్మిటు రావల్ల.

రాసుకోండి, మౌలాలి మరిచిపోలేదు, కావాలనే చేసినాడని. పనిలోనించి తీసేస్తారా? తీసేయండి. రేపట్నుంచి నేనూ ఆయమ్మి పక్కన కూచొని ఉపన్యాసాలు ఇంటా.